1567: మేరీ స్టువర్ట్ సింహాసనం ఎలా పోయింది?

ప్రశ్న ఇది: "స్కాట్లాండ్ రాణి మేరీ స్టువర్ట్ భర్త డార్న్‌లీ 1567 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యాడు. జులైకల్లా ఆమె సింహాసనం పోయింది. ఆ హత్య ఆమే చేయించిందా? హత్య వల్లే రాజ్యం పోయిందా? కొన్ని పాత కాగితాల్లో హత్య జరిగిన ఏడు 1566 అని ఎందుకు ఉంది?"

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, దానికి జవాబు చిన్నది. అప్పట్లో స్కాట్లాండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి 1కి మారింది 1600 నుంచి. అందుకే ఫిబ్రవరిలో జరిగిన హత్యను ఆనాటి గుమాస్తాలు 1566 కింద రాశారు. మనం ఇప్పటి లెక్క ప్రకారం 1567 అంటాం. రెండూ ఒకే రాత్రి గురించే. ఆ కాలపు పత్రాలు చదివేటప్పుడు జనవరి నుంచి మార్చి 24 వరకు ఉన్న ప్రతి తేదీనీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఇక అసలు సంగతి. ఈ కాలం పత్రాలు చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. నాకు అర్థమైనంత వరకు, హత్య లేకుండా మేరీ పతనం జరిగేది కాదు, కానీ హత్య ఒక్కటే ఆమెను దించలేదు. "ఎవరు చంపారు" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఆ ఏడాది సగమే కనిపిస్తుంది. ఆమెను దించినవాళ్ళు ఏ నెలలో ఏం కారణం చెప్పారో వరసగా చూడాలి. డిసెంబర్ దాకా చూడాలి.

ముందు మనుషులెవరో చెప్తాను. మేరీ 1542 డిసెంబర్ 8న పుట్టింది. ఆరు రోజులకే తండ్రి అయిదో జేమ్స్ చనిపోతే ఆ పసిబిడ్డే రాణి అయింది. ఫ్రాన్స్‌లో పెరిగి, అక్కడి యువరాజును పెళ్ళాడి, అతను రాజయ్యాక కొద్దికాలానికే చనిపోతే విధవరాలై 1561 ఆగస్టులో తిరిగొచ్చింది. ఆమె కాథలిక్. అప్పటికి దేశం ప్రొటెస్టెంట్ అయిపోయింది. 1565 జులైలో డార్న్‌లీని పెళ్ళి చేసుకుంది. అతను ఆమెకు మేనత్త కొడుకే, అంటే మన వరసల్లో బావ. మేరీ తండ్రి, డార్న్‌లీ తల్లి ఒకే తల్లికి వేరు వేరు భర్తల వల్ల పుట్టిన పిల్లలు. మనకు మామూలుగా అనిపించే ఈ సంబంధానికి వాళ్ళ మతంలో పోప్ ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చింది.

ఆ కాపురం ఏడాది కూడా సవ్యంగా సాగలేదు. తనకు రాజుగా పూర్తి హక్కులు ఇవ్వలేదని డార్న్‌లీ అలిగాడు. 1566 మార్చి 9 రాత్రి హోలీరూడ్ ప్యాలెస్‌లో, ఆరు నెలల గర్భంతో ఉన్న మేరీ కళ్ళెదుటే, ఆమె కార్యదర్శి డేవిడ్ రిజియోను భోజనాల గదిలోంచి ఈడ్చుకెళ్ళి పొడిచి చంపారు. చంపిన బృందంలో డార్న్‌లీ ఉన్నాడు. తర్వాత ప్లేటు ఫిరాయించి తన తోటి కుట్రదారుల్ని రాణికి పట్టిచ్చాడు. వాళ్ళు దేశం విడిచి పారిపోవాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో రాణి వాళ్ళను క్షమించింది. వాళ్ళలో ముఖ్యుడు మోర్టన్ ప్రభువు. తమను మోసం చేసిన డార్న్‌లీ మీద పగతో వాళ్ళు తిరిగొచ్చారు. 1567 మొదలయ్యేసరికి పరిస్థితి ఇదీ.

అప్పటికి డార్న్‌లీ గ్లాస్గోలో జబ్బుపడి ఉన్నాడు. మశూచి అన్నారు, సిఫిలిస్ అని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. జనవరిలో మేరీ వెళ్ళి అతన్ని ఎడిన్‌బరాకు తీసుకొచ్చింది. ఊరి గోడను ఆనుకుని ఉన్న కర్క్ ఓ ఫీల్డ్ అనే చోట ఒక ఇంట్లో ఉంచింది. ఇప్పుడు అక్కడ ఎడిన్‌బరా యూనివర్సిటీ ఓల్డ్ కాలేజ్ ఉంది. ఆ వారంలో రెండు రాత్రులు మేరీ కూడా అదే ఇంట్లో కింది గదిలో పడుకుంది. ఫిబ్రవరి 9 రాత్రి తన సేవకుడి పెళ్ళి వేడుక ఉందని హోలీరూడ్‌కు వెళ్ళిపోయింది. తెల్లవారుజామున రెండింటి ప్రాంతంలో ఆ ఇల్లు పునాదులతో సహా పేలిపోయింది.

డార్న్‌లీ శవం మాత్రం శిథిలాల్లో దొరకలేదు. గోడ అవతల తోటలో, రాత్రి చొక్కాతో, పక్కన సేవకుడు విలియం టేలర్ శవంతో పాటు దొరికింది. ఒంటి మీద పేలుడు గాయాలు లేవు. దగ్గర్లో ఒక కుర్చీ, తాడు, బాకు, అంగీ పడి ఉన్నాయి. ఏదో అలికిడి విని కిటికీలోంచి తప్పించుకున్నారనీ, బయట కాపలా ఉన్నవాళ్ళు పట్టుకుని ఊపిరాడకుండా చేసి చంపారనీ ఎక్కువమంది అంగీకరిస్తారు. ఆ దృశ్యాన్ని ఎవరో బొమ్మగా గీసి ఇంగ్లండ్ మంత్రి సెసిల్‌కు పంపారు. ఆ బొమ్మ లండన్‌లోని క్యూ దగ్గర జాతీయ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉంది. ఈ కేసులో దానికి మించిన సాక్ష్యం లేదని నా ఉద్దేశం. ఇంటి శిథిలాలు, తోటలో శవాలు, జనం గుమిగూడిన తీరు, అన్నీ ఒకే కాగితం మీద చూడొచ్చు.

మరి మేరీకి ముందే తెలుసా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. భర్తను వదిలించుకోవాలని ఆమె కోరుకుంది, అందులో సందేహం లేదు. 1566 చివర్లో క్రెయిగ్‌మిల్లర్ కోటలో ప్రభువులతో ఆ మాట చర్చకు వచ్చింది. తన గౌరవానికి మచ్చ తెచ్చే పని మాత్రం చేయొద్దని ఆమె అన్నట్టు రికార్డుంది. మందుగుండు పథకం ఆమెకు తెలుసనడానికి నిలబడే సాక్ష్యం నాకు కనిపించలేదు. తర్వాత తాను పెళ్ళాడిన బాత్‌వెల్ ప్రభువుకు ఆమె రాసినట్టు చెప్పే "పెట్టె ఉత్తరాల" మూలప్రతులు 1584 తర్వాత మళ్ళీ కనిపించలేదు. మిగిలినవి నకళ్ళు, అనువాదాలు. వాటిలో కొన్ని భాగాలు నిజమైనవి అయ్యుండొచ్చు, కానీ శత్రువుల చేతుల్లోంచి వచ్చిన నకళ్ళను ఆధారం చేసుకుని ఒక మనిషిని హంతకురాలని నేను అనలేను. ఈ ఆరోపణల మీద ఇంగ్లండ్‌లో జరిగిన విచారణ 1569 జనవరిలో ముగిసినప్పుడు ఎలిజబెత్ రాణి కూడా అటు మేరీ మీద గానీ, ఇటు ప్రభువుల మీద గానీ ఏదీ రుజువు కాలేదనే తేల్చింది.

హత్య తర్వాత మేరీ ప్రవర్తన మాత్రం సమర్థించలేనిది. 2000 స్కాట్స్ పౌండ్ల బహుమతి ప్రకటించారు, సరే. కానీ ఊరంతా గోడల మీద పేర్లు అంటిస్తున్నా ఎవరినీ గట్టిగా విచారించలేదు. ఆ పేర్లలో ముందున్నది బాత్‌వెల్ ప్రభువు జేమ్స్ హెప్‌బర్న్. హంతకుల్ని వదలొద్దని, వదిలితే లోకం నిన్నే అంటుందని ఎలిజబెత్ ఫిబ్రవరిలోనే ఘాటుగా ఉత్తరం రాసింది. డార్న్‌లీ తండ్రి లెనాక్స్ ఒత్తిడి మీద ఏప్రిల్ 12న విచారణ పెట్టారు. ఎడిన్‌బరా నిండా బాత్‌వెల్ మనుషులే ఉన్నారు. ఆరుగురికి మించి అనుచరులతో రావొద్దని లెనాక్స్‌కు షరతు పెట్టారు. ప్రాణభయంతో అతను రాలేదు. ఫిర్యాదీ లేడు కాబట్టి బాత్‌వెల్ నిర్దోషి అని ఒక్క రోజులో తేల్చేశారు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చూడండి.

విచారణ అయిన రెండు రోజులకు పార్లమెంటు మొదలైంది. అందులో పెద్ద పని భూముల ఖరారు. దీని వెనక ఒక ఆచారం ఉంది. స్కాట్లాండ్‌లో పసివయసులో గద్దెనెక్కిన రాజు, తన చిన్నతనంలో పాలకులు పంచిపెట్టిన భూములను, పదవులను 25 ఏళ్ళు నిండేలోపు వెనక్కి తీసుకోవచ్చు. మేరీకి 25 నిండేది 1567 డిసెంబర్ 8న. ప్రభువుల ఇళ్ళల్లో ఆ టెన్షన్ ఉండే ఉంటుంది. ఏప్రిల్ పార్లమెంటులో రాణి సవతి అన్న మోరే, మోర్టన్, హంట్లీ వంటివాళ్ళు తమ భూములకు రాణి ముద్ర వేయించుకున్నారు. ప్రొటెస్టెంట్లకు రక్షణ ఇచ్చే చట్టం కూడా అప్పుడే వచ్చింది. అంటే ఏప్రిల్ మూడో వారానికి ప్రభువులకు రాణితో పేచీ లేదు. హత్య జరిగి రెండు నెలలు దాటింది, అయినా లేదు.

అంతే కాదు. పార్లమెంటు ముగియగానే ఎడిన్‌బరాలో బాత్‌వెల్ విందు ఇచ్చి, ఒక కాగితం మీద ప్రభువుల చేత, బిషప్పుల చేత సంతకాలు పెట్టించాడు. ఎయిన్‌స్లీ బాండ్ అంటారు దాన్ని. అందులో రెండు మాటలు ఉన్నాయి: బాత్‌వెల్ హత్యానేరంలో నిర్దోషి, రాణి ఒప్పుకుంటే అతన్ని పెళ్ళాడటానికి మేం మద్దతిస్తాం. మోర్టన్ సంతకం పెట్టాడు. ఆర్గైల్ పెట్టాడు. మే 1న స్టర్లింగ్‌లో ఇంకో బాండ్ రాశారు: రాణిని బాత్‌వెల్ చెర నుంచి విడిపిస్తాం, యువరాజును, అంటే రాణి పసికొడుకు జేమ్స్‌ను కాపాడతాం అని. దాని మీద కూడా మోర్టన్, ఆర్గైల్ సంతకాలున్నాయి. రెండు బాండ్లకూ మధ్య రెండు వారాలు కూడా లేవు.

ఆ రెండు వారాల్లో జరిగింది ఇది. ఏప్రిల్ 24న స్టర్లింగ్‌లో కొడుకును చూసి తిరిగొస్తున్న మేరీని బాత్‌వెల్ పెద్ద గుర్రపు దళంతో దారిలో ఆపి డన్‌బార్ కోటకు తీసుకెళ్ళాడు. ఆ కొడుకును ఆమె మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఆ అపహరణ ఆమెకు ఇష్టమేనా అని నాలుగున్నర శతాబ్దాలుగా వాదిస్తున్నారు. తర్వాత ఫ్రెంచి ఆస్థానానికి పంపిన వివరణలో ఆమె చెప్పిన సారాంశం ఏమంటే: అతను మొరటుగా ప్రవర్తించాడు, ప్రభువుల సంతకాలు చూపించాడు, నన్ను విడిపించడానికి ఎవరూ రాలేదు. ఈ చివరి మాట నాకు చాలా బరువైనదిగా కనిపిస్తుంది. అన్ని రోజులు ఒక దేశపు రాణి ఒక కోటలో ఉంటే, సంతకాలు పెట్టిన ఒక్క ప్రభువూ కత్తి దూయలేదు.

(ఇదే ఏప్రిల్ 24 తేదీతో ఎడిన్‌బరాలో ఇంకొకటి వెలువడింది. జాన్ కార్స్‌వెల్ అనువదించిన ప్రొటెస్టెంట్ ప్రార్థనల పుస్తకం, గేలిక్ భాషలో అచ్చయిన మొదటి పుస్తకం. హత్యలూ అపహరణల మధ్య ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. గేలిక్ మాట్లాడే కొండప్రాంతాల జనానికి ఆ ఏడాది జరిగిన వాటిలో మిగతా వాటికన్నా ఇదే ఎక్కువ ముఖ్యమైందని నేను అనుకుంటాను.)

మే మొదట్లో బాత్‌వెల్ తన భార్య జీన్ గోర్డన్‌కు విడాకులిచ్చాడు, రెండు రకాలుగా. ప్రొటెస్టెంట్ కోర్టులో అతని వ్యభిచారం కారణం చూపించారు. కాథలిక్ ఆర్చిబిషప్ హామిల్టన్ మాత్రం భార్యాభర్తలు దగ్గరి రక్తబంధువులని, పెళ్ళే చెల్లదని తీర్పిచ్చాడు. ఆ బంధుత్వానికి పెళ్ళికి ముందే మినహాయింపు ఇచ్చింది ఇదే హామిల్టన్. జీన్ ఆ మినహాయింపు పత్రాన్ని జాగ్రత్తగా దాచుకుంది. శతాబ్దాల తర్వాత అది డన్‌రాబిన్ కోటలో దొరికింది.

మే 15న హోలీరూడ్‌లో ప్రొటెస్టెంట్ పద్ధతిలో మేరీ, బాత్‌వెల్ పెళ్ళి జరిగింది. ఈ పెళ్ళి అటు కాథలిక్కులను, ఇటు ప్రొటెస్టెంట్లను, రెండు వైపుల వారినీ దూరం చేసింది. ప్రభువుల సంగతి వేరు. తమలో ఒకడు ఒక్కసారిగా రాజంతటి వాడయ్యాడు. యువరాజు కూడా చేతికి చిక్కితే ఇక ఏప్రిల్‌లో దొరికిన భూముల భరోసా ఎవరి దయ మీద ఉంటుంది? అప్పుడు కదిలారు.

జూన్ 15న, పెళ్ళయిన సరిగ్గా నెలకి, ఎడిన్‌బరాకు తూర్పున కార్బెరీ కొండ మీద రెండు సైన్యాలు ఎదురయ్యాయి. ప్రభువుల జెండా మీద డార్న్‌లీ శవం, దాని ముందు మోకరిల్లి న్యాయం కోరే పసి జేమ్స్ బొమ్మ. యుద్ధం జరగలేదు. ఎండలో గంటల తరబడి మాటలు నడిచాయి. ఫ్రెంచి రాయబారి ద్యు క్రోక్ రాజీకి ప్రయత్నించాడు. ఈలోగా రాణి సైన్యం నీళ్ళ కోసమంటూ, ఇంకోదానికంటూ కరిగిపోయింది. చివరికి బాత్‌వెల్‌ను వెళ్ళనిస్తే తాను లొంగిపోతానని మేరీ ఒప్పుకుంది. ప్రభువుల తరఫున కిర్కాల్డీ ఆఫ్ గ్రేంజ్ ఆమె లొంగుబాటు స్వీకరించాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రాజు హత్యకు ప్రతీకారం కోసం వచ్చామన్న సైన్యం, ముఖ్య నిందితుడిని గుర్రమెక్కి వెళ్ళిపోనిచ్చింది. రాణిని బందీ చేసింది. బాత్‌వెల్ ఆ తర్వాత ఆర్క్నీ, షెట్లాండ్ మీదుగా నార్వే చేరి పట్టుబడ్డాడు. 1578లో డెన్మార్క్‌లోని డ్రాగ్స్‌హోమ్ కోటలో ఖైదీగానే చనిపోయాడు. అతన్ని పట్టుకుని విచారిస్తే ఇంకెందరి పేర్లు బయటికొచ్చేవో ఆ ప్రభువులకు బాగా తెలుసు. మోర్టన్ 1581లో మరణశిక్షకు ముందు, డార్న్‌లీ హత్య గురించి తనకు ముందే తెలుసని, చేయి మాత్రం కలపలేదని ఒప్పుకున్నాడు. కర్క్ ఓ ఫీల్డ్ ఇల్లు ఎవరి ఆధీనంలో ఉందో ఆ రాబర్ట్ బాల్‌ఫర్‌కు సోదరుడు సర్ జేమ్స్ బాల్‌ఫర్. హత్య జరగగానే అతని పేరు కూడా గోడలకెక్కింది. బాత్‌వెల్ అతన్ని ఎడిన్‌బరా కోట అధిపతిని చేస్తే, జూన్‌లో అతను ఆ కోటతో సహా ప్రభువుల వైపు చేరాడు. డిసెంబర్‌కల్లా దేశపు అత్యున్నత సివిల్ కోర్టుకు అధ్యక్షుడయ్యాడు.

రాణిని ఎడిన్‌బరా వీధుల్లో తిడుతున్న జనం మధ్యగా నడిపించి, జూన్ 17న లాక్ లీవెన్ సరస్సు మధ్యలో ఉన్న కోటలో పెట్టారు. ఆ కోట యజమాని తల్లి మార్గరెట్ ఎర్స్‌కిన్. మేరీ సవతి అన్న మోరేను కన్న తల్లి కూడా ఆవిడే. ఇక మోరే విషయం: హత్య జరిగిన రాత్రికి ముందు పగలే, ఫిబ్రవరి 9న, భార్యకు బాగోలేదని ఊరు విడిచాడు. ఏప్రిల్ మొదట్లో దేశమే విడిచాడు. అంతా అయిపోయాక ఆగస్టులో వచ్చి 22న రీజెంట్, అంటే పసి రాజు తరఫున పాలించేవాడు అయ్యాడు. దీన్ని బట్టి అతనే అంతా నడిపించాడనడం తొందరపాటు. గొడవ జరిగేచోట ఉండకూడదని అతనికి బాగా తెలుసనడం మాత్రం న్యాయం.

ఇప్పుడు ప్రభువులు చెప్పిన కారణాలను వరసగా పెట్టండి. జూన్‌లో: రాణిని బాత్‌వెల్ చెర నుంచి విడిపిస్తున్నాం. జులైలో: రాణి పాలన భారంతో అలసిపోయి తన ఇష్టంతో కొడుక్కి రాజ్యం అప్పగిస్తోంది. డిసెంబర్‌లో: రాణికి భర్త హత్యలో భాగం ఉంది కాబట్టి దించాం. హత్యకు ఆధారమని చెప్పిన ఆ ఉత్తరాల పెట్టె జూన్ 20నే మోర్టన్ చేతికి వచ్చిందని వాళ్ళే అన్నారు. చేతిలో అంత సాక్ష్యం ఉంటే జులై పత్రంలో "ఇష్టంతో" అని ఎందుకు రాయించారు? ఈ ఒక్క ప్రశ్నకే నాకు ఇంతవరకు తృప్తినిచ్చే జవాబు వాళ్ళ పక్షం వాదించేవారి దగ్గర దొరకలేదు.

ఆ "ఇష్టం" ఎలాంటిదో కూడా చెప్పాలి. బాత్‌వెల్‌తో విడాకులు తీసుకోమంటే, గర్భవతినని, బిడ్డ అక్రమ సంతానం అవుతుందని మేరీ ఒప్పుకోలేదు. జులైలో ఆమెకు గర్భస్రావమైంది. కవలలని ఆమె కార్యదర్శి క్లోడ్ నో తర్వాత రాశాడు. రక్తం పోయి మంచం మీద ఉన్న స్థితిలో జులై 24న లిండ్సే ప్రభువు బెదిరించి పత్రాల మీద సంతకం పెట్టించుకున్నాడు. బలవంతపు సంతకం చెల్లదని ఇంగ్లండ్ రాయబారి త్రాక్‌మార్టన్ రహస్యంగా కబురు పంపాడు. ప్రాణం నిలుపుకోవడానికి ఆమె సంతకం పెట్టింది. అయిదు రోజులకు స్టర్లింగ్‌లోని హోలీ రూడ్ చర్చిలో 13 నెలల జేమ్స్‌కు కిరీటం పెట్టారు. ప్రొటెస్టెంట్ మతబోధకుడు జాన్ నాక్స్ ప్రసంగించాడు. బిడ్డ తరఫున ప్రమాణం చదివింది మోర్టన్. త్రాక్‌మార్టన్ ఆ పట్టాభిషేకానికి వెళ్ళలేదు. ప్రభువులు రాణిని దించడం ఎలిజబెత్‌కు అస్సలు నచ్చలేదు, తన ఆసనం కూడా అలాంటిదే కదా.

డిసెంబర్ దాకా చూడమన్నది ఇందుకే. మేరీ 25వ పుట్టినరోజు దాటిన వారానికి, డిసెంబర్ 15న పార్లమెంటు కూర్చుంది. రాణి పదవి వదులుకోవడాన్ని, కొత్త రాజును, రీజెంట్‌ను ఖరారు చేసింది. దాంతోపాటు ఇంకో పెద్ద పని జరిగింది. 1560లో పోప్ అధికారాన్ని రద్దు చేసిన, ప్రొటెస్టెంట్ విశ్వాస ప్రకటనను ఆమోదించిన చట్టాలకు మేరీ ఎన్నడూ సమ్మతి ఇవ్వలేదు. ఏడేళ్ళుగా అవి చట్టబద్ధంగా ఊగిసలాటలో ఉన్నాయి. ఇప్పుడు రాజు పేరు మీద వాటిని మళ్ళీ చట్టం చేశారు. ఇకపై ఏ రాజైనా పట్టాభిషేకంలో ఈ మతాన్ని కాపాడతానని ప్రమాణం చేయాలన్నారు. స్కూళ్ళలో ఎవరు బోధించాలో చర్చి ఆమోదించాలన్నారు. చర్చి ఆదాయంలో రాజుకు వెళ్ళే మూడో వంతులోంచి ముందు మతబోధకుల జీతాలు ఇవ్వాలన్నారు. స్కాట్లాండ్ చర్చికి గట్టి చట్టపు పునాది పడింది ఈ నెలలోనే.

అదే పార్లమెంటు పెళ్ళి నియమాలనూ మార్చింది. పాత చర్చి నిషేధాలు చాలా దూరపు బంధువుల దాకా వెళ్ళేవి. ఇప్పుడు బైబిల్లో నిషేధించిన దగ్గరి సంబంధాలే నేరం, పెదనాన్న, మేనత్త పిల్లల వరసలో పెళ్ళి చట్టబద్ధం. మేరీకి పోప్ అనుమతి అవసరమైన డార్న్‌లీ సంబంధానికి ఈ చట్టం కింద ఏ అనుమతీ అక్కర్లేదు. నిషిద్ధ సంబంధాల గురించి ఆ రోజు చేసిన చట్టం 1986లో కొత్త చట్టం వచ్చేదాకా స్కాట్లాండ్‌లో నడిచింది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: హత్యలో చాలామంది ప్రభువులకు చేయి ఉంది, బాత్‌వెల్‌కు తప్పకుండా ఉంది, మేరీకి ఉందని రుజువు కాలేదు. ఆమె రాజ్యం పోయింది బాత్‌వెల్‌ను పెళ్ళాడినందుకు, ఆ పెళ్ళితో భూములు, మతం, యువరాజు అన్నీ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయని ప్రభువులు నమ్మినందుకు. హత్య ఆ పనికి పేరు పెట్టింది, అదీ డిసెంబర్‌లో.

మీరు సొంతంగా చూడాలనుకుంటే స్కాట్లాండ్ పాత పార్లమెంట్ల రికార్డులు సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. పాత స్కాట్స్ పాఠం పక్కనే ఇప్పటి ఇంగ్లీషు కూడా ఉంటుంది. 1567 ఏప్రిల్ సమావేశం, డిసెంబర్ సమావేశం రెండూ తెరిచి, ఏప్రిల్‌లో భూములు ఖరారు చేయించుకున్న పేర్లలో డిసెంబర్‌లో ఎవరెవరు ఉన్నారో గుర్తుపెట్టుకుంటూ చదవండి. త్రాక్‌మార్టన్ జులై ఉత్తరాలు ఆ తర్వాత చదివితే చాలు.